విమానం ‘బయల్దేరింది’ అంటే ఏ క్షణం?

(విమానాశ్రయ సిబ్బంది శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

ముందు వరుసల్లో ర్యాంప్ మీద, అంటే విమానాలు నిలిపే చోట, ఎండకీ వానకీ ఏళ్ల తరబడి పనిచేసిన పెద్దలు కూర్చున్నారు. వెనక వరుసల్లో డేటాబేస్‌లు, డ్యాష్‌బోర్డులు చూసుకునే కుర్రవాళ్లు, అమ్మాయిలు ఉన్నారు. మిమ్మల్నందరినీ ఒకే గదిలో చూడటం నాకు నిజంగా సంతోషంగా ఉంది. ఈ ముందు వరుసలకీ వెనక వరుసలకీ మధ్య జరగాల్సిన ఒక సంభాషణ గురించే నేను ఇవాళ మాట్లాడతాను.

నా ఉద్యోగం కొత్తలో జరిగిన సంగతి ఒకటి చెప్తాను. ఏ విమానాశ్రయమో, ఏ సంస్థో ఇక్కడ అనవసరం. రోజూ పొద్దున 9 గంటలకు ముందురోజు ఆలస్యాల మీద మీటింగ్ ఉండేది. ఆ రోజు ఒకే ఒక్క విమానం మీద గంటసేపు వాదన నడిచింది. దాని షెడ్యూలు సమయం 6:00. ఎయిర్‌లైన్ తరఫున వచ్చినాయన, ‘మాది 6:14కే బయల్దేరింది, 15 నిమిషాల లోపే కదా, ఆలస్యం కిందికి రాదు’ అన్నారు. విమానాశ్రయం తరఫు ఆయన స్క్రీన్ తిప్పి చూపించి ‘6:17’ అన్నారు. అంటే ఆలస్యం కిందికి వచ్చినట్టే. గ్రౌండ్ హ్యాండ్లింగ్ (విమానానికి నేల మీద చేయాల్సిన పనులు) చూసే సూపర్‌వైజర్ జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి, ‘సార్, నేను చాక్స్ తీయించింది 6:12కి’ అన్నాడు. ప్రయాణికులు చూసే బోర్డు మీద మాత్రం ‘బయల్దేరింది 6:31’ అని ఉంది.

వీళ్లలో ఎవరో ఒకరు అబద్ధం చెబుతున్నారని అప్పుడు నేను అనుకున్నాను. వారం రోజులు లాగ్‌లన్నీ తవ్వాను. ఎవరూ అబద్ధం చెప్పలేదు. 6:12కి చక్రాలకు అడ్డుపెట్టిన చాక్స్ తీశారు. 6:14కి తలుపులన్నీ మూసి ఉన్నాయి, పైలట్ పార్కింగ్ బ్రేక్ వదిలాడు. విమానంలోని పరికరమే ఆ క్షణాన్ని ‘ఔట్’ అని రాసుకుని ఎయిర్‌లైన్‌కి పంపింది. 6:17కి టగ్ (విమానాన్ని వెనక్కి నెట్టే బండి) నెడితే విమానం నిజంగా బే నుంచి, అంటే నిలిపిన చోటు నుంచి, కదిలింది, దాన్ని విమానాశ్రయం కెమెరా పట్టుకుంది. 6:31కి చక్రాలు రన్‌వేని వదిలాయి. నాలుగూ నిజాలే. కానీ నాలుగు చోట్లా ఆ సమయం రాసే గడికి పెట్టుకున్న పేరు ఒక్కటే: డిపార్చర్ టైమ్.

ఆ వాదన ఎలా ముగిసిందో కూడా చెప్పాలి. తప్పంతా చివరికి గ్రౌండ్ హ్యాండ్లింగ్ మీద పడింది. మెమో ఆ సూపర్‌వైజర్ పేరు మీద వచ్చింది. అందరికంటే ముందు తన పని ముగించినవాడు అతనే. కానీ మిగతావాళ్ల దగ్గర సిస్టమ్ ఉంది, అతని దగ్గర కాగితం ముక్క ఉంది. ఈ పదాల పని మీద నాకు పట్టుదల ఆ రోజే మొదలైంది. ‘పదాలదేముంది, పని జరిగితే చాలు’ అని ఎవరైనా అంటే నాకు ఆ మెమో గుర్తొస్తుంది.

ఇప్పుడు కొంచెం పక్కకి వెళ్లి మన ఊళ్లలోని కొలతల దగ్గరికి వద్దాం. కోస్తాలో ఇంటి స్థలం సెంట్లలో చెప్తారు, తెలంగాణలో గుంటల్లో చెప్తారు. ఎకరానికి 100 సెంట్లు, అదే ఎకరానికి 40 గుంటలు. కాబట్టి 10 సెంట్లన్నా, 4 గుంటలన్నా అదే నేల. ఇక్కడ పేర్లు రెండు, వస్తువు ఒకటి. తేడా ఉందని ఇద్దరికీ ముందే తెలుసు కాబట్టి లెక్క కట్టుకుని మాట్లాడుకుంటారు. పాతకాలపు కుంచం సంగతి వేరు. ఈ ఊళ్లోనూ కుంచమే, ఆ ఊళ్లోనూ కుంచమే, కానీ కొలిచి పోస్తే గింజలు తేడా వచ్చేవి. పేరు ఒక్కటే కాబట్టి ‘మీ కుంచం ఎంత?’ అని అడగాలని కూడా ఎవరికీ తోచదు.

విమానాశ్రయాల డేటాలో ఈ రెండు రకాలూ ఉన్నాయి. విమానం నిలిపే చోటుని మనం ‘బే’ అంటాం, బ్రిటన్ వాళ్లు ‘స్టాండ్’ అంటారు, అమెరికాలో చాలామంది ‘గేట్’ అనేస్తారు. ఇది సెంట్లు, గుంటల రకం. ఒక పట్టిక తయారుచేసుకుంటే పెద్దగా నష్టం లేదు. ‘డిపార్చర్’, ‘అరైవల్’, ‘ప్యాసింజర్’, ‘డిలే’, ఇవి కుంచం రకం. పదకోశం తయారుచేద్దామని కూర్చునేవాళ్లు సాధారణంగా మొదటి రకం మీదే కాలమంతా ఖర్చుపెడతారు, అది సులువు కాబట్టి. అసలు నష్టం రెండో రకం దగ్గర ఉంది.

ఒక్క మాటకు రెండు అర్థాలుంటే ఏమవుతుందో విమానయానం చాలా ఖరీదు పెట్టి నేర్చుకుంది. 1977 మార్చి 27న స్పెయిన్‌కి చెందిన టెనెరిఫే దీవిలో, లాస్ రోడియోస్ విమానాశ్రయంలో దట్టమైన పొగమంచు. ఒకే రన్‌వే మీద రెండు బోయింగ్ 747లు ఉన్నాయి, ఒకటి కేఎల్‌ఎంది, ఇంకొకటి ప్యానామ్‌ది. కేఎల్‌ఎం విమానం నుంచి టవర్‌కి ‘వి ఆర్ నౌ ఎట్ టేకాఫ్’ అనే మాట వెళ్లింది. టేకాఫ్ చేసే చోట సిద్ధంగా ఉన్నామంటున్నారని టవర్‌లోని మనిషి అర్థం చేసుకున్నాడు. విమానం అప్పటికే పరిగెత్తడం మొదలుపెట్టింది. రెండు విమానాలూ ఢీకొని 583 మంది చనిపోయారు. పొగమంచు, రద్దీ, ఒకేసారి ఇద్దరు రేడియోలో మాట్లాడటం, ఇలా కారణాలు చాలా ఉన్నాయి. అయితే ఆ తర్వాత వచ్చిన మార్పుల్లో ఒకటి ఈ రోజుకీ ప్రతి టవర్‌లో వినబడుతుంది. టేకాఫ్‌కి అనుమతి ఇచ్చేటప్పుడు, లేదా ఇచ్చిన అనుమతిని రద్దు చేసేటప్పుడు తప్ప ‘టేకాఫ్’ అనే మాట వాడకూడదు. మిగతా అన్నిచోట్లా ‘డిపార్చర్’ అనాలి. ఒక మాటకి ఇలా కంచె వేశారు.

1983లో ఎయిర్ కెనడా విమానానికి ఇంధనం 22,300 కిలోలు కావాల్సి ఉండగా, లీటర్లను బరువులోకి మార్చే చోట పౌండ్ల గుణకం వాడటంతో సగం కంటే తక్కువ ఎక్కింది. గాలిలోనే రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. పైలట్లు దాన్ని గ్లైడర్‌లా నడిపి గిమ్లీలోని పాత వైమానిక స్థావరంలో దించారు, లోపలున్న 69 మందీ బతికారు. అంకె సరైనదే, దాని పక్కన ఉండాల్సిన కొలత వేరే.

రేడియోలో మాట్లాడే మాటల విషయంలో ఇంత జాగ్రత్త వచ్చింది. కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కి వెళ్లే మాటల విషయంలో రావాల్సినంత రాలేదని నా బాధ. రేడియోలో పొరపాటు జరిగితే అదే నిమిషంలో తెలుస్తుంది. డేటాలో పొరపాటు జరిగితే నెలల తరబడి ఎవరికీ తెలియదు. నివేదికల్లోకి, కాంట్రాక్టుల్లోకి, జరిమానాల్లోకి, కొత్త టెర్మినల్ ఎంత పెద్దది కట్టాలనే లెక్కల్లోకి నిశ్శబ్దంగా పాకిపోతుంది.

మన హైదరాబాద్‌నే చూడండి. హెచ్‌వైడీ అనే మూడక్షరాల కోడ్ అందరికీ తెలుసు, సూట్‌కేసు మీద అంటించే ట్యాగ్ మీద పెద్దగా ఉంటుంది. 2008 మార్చి దాకా ఆ కోడ్ బేగంపేటది. శంషాబాద్ మొదలయ్యాక అదే కోడ్ శంషాబాద్‌కి వెళ్లింది, బేగంపేటకి బీపీఎం అనే కొత్త కోడ్ ఇచ్చారు. ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ వాడే నాలుగక్షరాల కోడ్‌లు మాత్రం అలా మారలేదు. బేగంపేట వీఓహెచ్‌వైగానే ఉండిపోయింది, శంషాబాద్‌కి వీఓహెచ్‌ఎస్ వచ్చింది. ఇప్పుడు ఎవరైనా కొత్తగా చేరిన అమ్మాయిని పిలిచి, ‘2000 నుంచి హైదరాబాద్‌లో విమానం బే నుంచి రన్‌వేకి వెళ్లడానికి ఎంత టైమ్ పడుతోందో గ్రాఫ్ గీయమ్మా’ అని అడిగితే, ఆమె మూడక్షరాల కోడ్‌తో డేటా లాగుతుంది. 2008 దగ్గర గీత ఒక్కసారిగా మారిపోతుంది. ఏదో మెరుగుపడింది, లేదా చెడిపోయింది అని కారణాలు వెతుకుతారు. అసలు ఆ గీతకి అటువైపు ఒక విమానాశ్రయం, ఇటువైపు ఇంకో విమానాశ్రయం. బెంగళూరు బీఎల్‌ఆర్ కోడ్‌కీ అదే ఏడాది అదే జరిగింది.

బీపీఎం గురించి ఇంకో మాట. సామాన్ల విభాగంలో పనిచేసేవాళ్లని అడగండి, బీపీఎం అంటే వాళ్లకి బేగంపేట కాదు, బ్యాగేజ్ ప్రాసెస్డ్ మెసేజ్. బ్యాగు ఫలానా చోట దాటిందని చెప్పే సందేశం. ఆ మూడక్షరాలు ఏ గడిలో ఉన్నాయో చూడకుండా అర్థం చెప్పలేం.

ఇక విమానాన్ని గుర్తించడం. ప్రయాణికుడి టికెట్ మీద ఎయిర్‌లైన్‌కి రెండక్షరాలుంటాయి, ఇండిగోకి 6ఈ, ఎయిర్ ఇండియాకి ఏఐ. ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్‌కి వెళ్లే ఫ్లైట్ ప్లాన్‌లో మూడక్షరాలుంటాయి, ఐజీఓ, ఏఐసీ. వాటి వెనక వచ్చే నంబరు కూడా అన్నిసార్లూ ఒకటే కాదు. రేడియోలో ఒకేలా వినబడే నంబర్లు కలగలిసిపోకుండా చివర ఒక అక్షరం చేర్చి మారుస్తారు. పైగా కోడ్‌షేర్ (ఒకే విమానంలో సీట్లను వేర్వేరు సంస్థలు తమ తమ నంబర్లతో అమ్మడం) ఉంటే ఒకే విమానానికి బోర్డు మీద మూడు నాలుగు నంబర్లు తిరుగుతుంటాయి. రాత్రి 11:50కి వెళ్లాల్సిన విమానం అర్ధరాత్రి దాటాక వెళ్తే అది నిన్నటి విమానమా, ఇవాళ్టిదా? మన సమయంలో 5వ తేదీ తెల్లవారుజామున 2:30 అంటే అంతర్జాతీయ సమయం ప్రకారం ఇంకా 4వ తేదీ రాత్రి 9 గంటలే. శంషాబాద్ నుంచి విదేశాలకు వెళ్లే విమానాలు చాలావరకు ఆ వేళల్లోనే కదులుతాయి. రెండు విభాగాలు రెండు గడియారాలతో రోజువారీ లెక్క తీస్తే సరిపోలనే సరిపోలవు, ఇద్దరూ ఎదుటివాళ్ల డేటా తప్పంటారు.

ప్రయాణికుల లెక్క సంగతి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే పేపర్లలో అందరికంటే ఎక్కువగా కనబడే అంకె అదే. విశాఖ నుంచి ఒకావిడ హైదరాబాద్‌లో విమానం మారి దుబాయ్ వెళ్లింది. మనిషి ఒక్కరే. ఎయిర్‌లైన్‌కి టికెట్ ఒక్కటే కావచ్చు. విశాఖ విమానాశ్రయం ఒకరిని లెక్కపెట్టింది. హైదరాబాద్‌లో దిగినప్పుడు ఒకసారి, ఎక్కినప్పుడు ఒకసారి, మొత్తం రెండు. దుబాయ్‌లో ఒకటి. అన్ని విమానాశ్రయాల లెక్కలూ కలిపితే ఆవిడ నలుగురయింది. అదే ఆవిడ విమానం మారకుండా, అదే విమానంలో కూర్చుని ముందుకు వెళ్లి ఉంటే హైదరాబాద్‌లో ఒక్కసారే లెక్క. 2023-24లో శంషాబాద్ సుమారు 2.5 కోట్ల మంది ప్రయాణికులను చూసిందని చదువుతాం. ఆ అంకె నిజమే, కానీ అది 2.5 కోట్ల మనుషులు కాదు, 2.5 కోట్ల రాకపోకలు. భోజనశాలకి ఎన్ని కుర్చీలు కావాలో, ఇమ్మిగ్రేషన్‌లో ఎన్ని కౌంటర్లు కావాలో ఆ అంకె నుంచి తీసేవాళ్లు ఈ తేడా మర్చిపోతే, కట్టిన తర్వాత సరిదిద్దడం చాలా కష్టం.

సరే, దీన్ని ఎలా బాగుచేశారో చూద్దాం. నాకు ఎంతో ఇష్టమైన భాగం ఇదే.

యూరప్‌లో విమానాల రాకపోకలను సమన్వయం చేసే యూరోకంట్రోల్ అనే సంస్థ నడిపించిన ఒక పద్ధతి ఉంది, ఏ-సీడీఎం అంటారు. విమానాశ్రయం, ఎయిర్‌లైన్, గ్రౌండ్ హ్యాండ్లింగ్, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్, అందరూ ఒకే సమాచారం చూస్తూ కలిసి నిర్ణయాలు తీసుకోవడం దాని ఉద్దేశం. 2007లో జర్మనీలోని మ్యూనిక్ దాన్ని పూర్తిగా అమలు చేసింది. తర్వాత అది ఎన్నో దేశాలకు పాకింది, మన దేశంలో పెద్ద విమానాశ్రయాలకూ వచ్చింది. ఒక విమానం రాకముందు నుంచి మళ్లీ ఎగిరేదాకా 16 మైలురాళ్లు పెట్టుకున్నారు. అన్నిటికంటే ముఖ్యంగా సమయాలకు పేర్లు పెట్టే తీరు మార్చారు.

ఆ పేర్లు మొదట చూస్తే భయపడతారు. ఎస్‌ఓబీటీ, ఈఓబీటీ, టీఓబీటీ, ఏఓబీటీ. కానీ తెలుగు వచ్చినవాళ్లకి ఇందులో కొత్తేమీ లేదు. మనం ‘వెళ్లు’ అనే ధాతువు తీసుకుని ‘వెళ్లాల్సిన’, ‘వెళ్లొచ్చు’, ‘వెళ్తాను’, ‘వెళ్లింది’ అని చివర మారుస్తాం. వాళ్లు మొదట మారుస్తారు, అంతే తేడా. ఓబీటీ అంటే ఆఫ్ బ్లాక్ టైమ్, బే వదిలే సమయం. అది ధాతువు. ముందు ఎస్ వస్తే షెడ్యూలు ప్రకారం వదలాల్సిన సమయం. ఈ వస్తే వదలొచ్చని అంచనా. టీ వస్తే ఫలానా సమయానికి వదులుతామని ఇచ్చిన మాట. ఏ వస్తే నిజంగా వదిలిన సమయం. ధాతువు మారిస్తే సంఘటన మారుతుంది. టేకాఫ్ అయితే టీఓటీ, రన్‌వే మీద దిగడమైతే ఎల్‌డీటీ, బేలో నిలవడమైతే ఐబీటీ. కాబట్టి ఏఎల్‌డీటీ అంటే నిజంగా దిగిన సమయం, ఏఐబీటీ అంటే నిజంగా బేలో ఆగిన సమయం. ఈ వ్యాకరణం పట్టుబడిందంటే ఇక బట్టీపట్టనక్కర్లేదు. నా మొదటి కథలో 6:17 ఏఓబీటీ, 6:31 ఏటీఓటీ. ‘డిపార్చర్ టైమ్’ అనే మాటే ఆ మీటింగ్‌లో లేకపోయి ఉంటే గొడవ పది నిమిషాల్లో తెమిలేది.

పాతవాళ్లకి ఇది తెలియదని అనుకోకండి. టెలిగ్రాం కాలపు పద్ధతిలో ఎయిర్‌లైన్లు పంపుకునే మూవ్‌మెంట్ మెసేజ్‌లో ‘ఏడీ’ అని రాసి రెండు సమయాలు ఇస్తారు, మధ్యలో ఏటవాలు గీత. మొదటిది బే వదిలినది, రెండోది గాలిలోకి లేచినది. ఒక్క సమయం ఇస్తే చాలదని ఆ పద్ధతి పెట్టినవాళ్లకి తెలుసు. తర్వాత వచ్చిన మనం ఆ రెండింటినీ తెచ్చి ఒక్క గడిలో కుక్కాం.

పేరు మంచిదైతే సరిపోతుందా అంటే, సరిపోదు. టీఓబీటీ సంగతి కాస్త వివరంగా చెప్తాను. దాని నిర్వచనం చాలా శ్రద్ధగా రాశారు. తలుపులన్నీ మూసి, ఏరోబ్రిడ్జ్ (ప్రయాణికులు విమానంలోకి నడిచే వంతెన) తీసేసి, పుష్‌బ్యాక్ టగ్ సిద్ధంగా ఉండి, టవర్ సరే అన్న మరుక్షణం కదలగలిగేలా విమానం ఉండే సమయం అని. ఎయిర్‌లైన్ గానీ, గ్రౌండ్ హ్యాండ్లింగ్ గానీ ఆ సమయం ఇవ్వాలి. దాన్ని బట్టి ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ ఒక వరుస కడుతుంది.

నేను పనిచేసిన ఒక చోట ఈ టీఓబీటీలు ఎప్పుడు చూసినా తేడాగా వచ్చేవి. మాట ఇచ్చిన సమయానికి ఆరేడు నిమిషాల తర్వాత గానీ విమానం సిద్ధమయ్యేది కాదు. ‘వీళ్లకి క్రమశిక్షణ లేదు’ అని పై గదిలో అనేవారు. నేను రెండు రాత్రులు ర్యాంప్ మీద నిలబడ్డాను. అక్కడున్న ఒక అన్నని అడిగాను, ‘అన్నా, ఈ టైమ్ ఎలా ఇస్తున్నారు?’ అని. ‘లోడింగ్ అయిపోయి కార్గో డోర్ ఎప్పుడు వేస్తానో చూసుకుని చెప్తాను’ అన్నాడు. ఆయనకి తన పని ముగియడమంటే కార్గో డోర్ వేయడమే. ఏరోబ్రిడ్జ్ ఆయన చేతుల్లో లేదు, అది ఇంకొకరు నడుపుతారు. టగ్ పక్క బేలో ఉంది. ఆ నిర్వచనం ఆయనకి ఎవరూ చదివి వినిపించలేదు. 14 పేజీల ఇంగ్లీషు డాక్యుమెంట్‌లో ఉంది, అది మేనేజర్ల ఈమెయిల్‌లో ఉంది. ఆయన ఇచ్చిన టైమ్ తన దృష్టిలో అక్షరాలా సరైనది.

మర్నాడు మేం చేసిందల్లా ఒక్కటే. సగం పేజీ తెలుగులో రాసి, హిందీలోనూ రాసి, బే దగ్గర గోడకి అంటించాం. ‘ఈ టైమ్ అంటే: తలుపులన్నీ మూశారు, బ్రిడ్జ్ వెనక్కి వచ్చేసింది, టగ్ తగిలించారు.’ బ్రిడ్జ్ నడిపేవాళ్లకి, టగ్ డ్రైవర్లకి కూడా అదే కాగితం. టైమ్ ఇచ్చే ముందు వాళ్లిద్దరినీ ఒక మాట అడగమన్నాం. అంచనాలు దారిలో పడ్డాయి. సాఫ్ట్‌వేర్‌లో ఒక్క లైను మార్చలేదు.

అందుకే నా అభిప్రాయం ఇది, గట్టిగానే చెప్తున్నాను. ఒక డేటా పదానికి నిర్వచనం రాసేటప్పుడు, ఆ క్షణాన్ని ఎవరు చూస్తారో రాయకపోతే అది నిర్వచనమే కాదు. మనిషి కన్ను చూస్తుందా, బ్రేక్‌కి తగిలించిన సెన్సర్ చూస్తుందా, బే ముందున్న కెమెరా చూస్తుందా, రాడార్ చూస్తుందా? ఏ గడియారంతో? తర్వాత దిద్దే హక్కు ఎవరికుంది? ‘విమానం పార్కింగ్ స్థానాన్ని విడిచిన వాస్తవ సమయం’ అని రాసి వదిలేస్తే, చదవడానికి నిండుగా ఉంటుంది, కానీ ఆ సూపర్‌వైజర్‌కి మళ్లీ మెమో వస్తుంది.

ఇప్పుడు ప్రపంచస్థాయి ప్రమాణాల సంగతి త్వరగా చెప్పేస్తాను, మీకు ఇచ్చిన పుస్తకంలో వివరాలున్నాయి. ప్రభుత్వాల తరఫున ఐసీఏఓ ఉంది, 1944 షికాగో ఒప్పందంతో పుట్టింది. ఎయిర్‌లైన్ల తరఫున ఐఏటీఏ, 1945లో పుట్టింది. విమానాశ్రయాల తరఫున ఏసీఐ, 1991లో వచ్చింది. మూడింటి ప్రధాన కార్యాలయాలూ కెనడాలోని మాంట్రియల్‌లోనే ఉన్నాయి. అయినా ముగ్గురి పదజాలం మూడు దారుల్లో పెరిగింది, ఎందుకంటే ఎవరి పని వాళ్ల కళ్లతో చూశారు. ఎయిర్‌లైన్‌కి విమానం అంటే ఒక ప్రయాణం, టికెట్టు. కంట్రోలర్‌కి అది గాలిలో ఒక దారి. విమానాశ్రయానికి అది వచ్చి, బేలో ఉండి, వెళ్లే ఒక సందర్శన. వాళ్ల డేటాబేస్‌లలో మొదటి పట్టికలే వేరుగా ఉంటాయి. ఈ మధ్య కాలంలో దారులు కలుస్తున్నాయి. ఎయిర్‌లైన్లు, విమానాశ్రయాలు సమాచారం పంచుకోవడానికి ఏఐడీఎక్స్ అనే ప్రమాణం ఉంది. ఏసీఐ తరఫున అలాంటిదే ఏక్రిస్ ఉంది. రన్‌వేలు, మార్గాల సమాచారానికి ఏఐఎక్స్‌ఎం, విమానాల సమాచారానికి ఎఫ్‌ఐఎక్స్‌ఎం, వాతావరణానికి ఐడబ్ల్యూఎక్స్‌ఎక్స్‌ఎం ఉన్నాయి.

మీరు కొత్త ప్రమాణం ఇంకొకటి తయారుచేయకండి. ఇది నా విన్నపం. ప్రతి విమానాశ్రయంలో తెలివైన కుర్రవాడు ఒకడు ఉంటాడు, తన సొంత డేటా మోడల్ గీస్తాడు, చాలా అందంగా ఉంటుంది, అతను ఉద్యోగం మారిన రోజు అది అనాథ అవుతుంది. ఉన్నవాటిలో ఒకటి తీసుకోండి. మీ గడి ఒక్కోదానికీ పక్కన, ఇది ఫలానా ప్రమాణంలోని ఫలానా పదానికి సమానం, లేదా సమానం కాదు, తేడా ఇది అని రాసుకోండి. ‘సమానం కాదు’ అని రాయడానికి మొహమాటపడకండి. మా అనుభవంలో ఎక్కువ పనికొచ్చిన వాక్యాలు అవే.

అందరూ ఒక్క మాట మీద నిలబడితే ఎంత బాగుంటుందో చూడాలంటే మీ సూట్‌కేసు చూడండి. ట్యాగ్ మీద 10 అంకెలు. వాటిలో ఎయిర్‌లైన్ ఎవరో, సంచి ఏదో ఉంటుంది. డల్లాస్‌లో అంటించిన ట్యాగ్‌ని దోహాలో యంత్రం చదువుతుంది, శంషాబాద్‌లో మన లోడర్ చేతిలోని స్కానర్ చదువుతుంది. ఒకరి భాష ఒకరికి రాదు, ఒకరి సిస్టమ్ ఒకరు చూడలేదు, అయినా అమ్మ పంపిన ఆవకాయ సీసా ఉన్న సంచి దారి తప్పకుండా వస్తుంది. 2018 జూన్ నుంచి ఐఏటీఏ తీర్మానం 753 ప్రకారం ఎయిర్‌లైన్లు ప్రతి బ్యాగునీ నాలుగు చోట్ల గుర్తించాలి: ప్రయాణికుడి నుంచి తీసుకున్నప్పుడు, విమానంలో ఎక్కించినప్పుడు, మధ్యలో మారే చోట అప్పగించినప్పుడు, తిరిగి ప్రయాణికుడికి ఇచ్చినప్పుడు. గమనించారా, ఆ నాలుగూ చేతులు మారే క్షణాలు. ఇచ్చేవాళ్లు ఒకరు, పుచ్చుకునేవాళ్లు ఒకరు ఉంటారు, కాబట్టి ఆ క్షణానికి సాక్షి ఉంటారు. మంచి డేటా పదాలు సాధారణంగా అలాంటి చోటే పుడతాయి.

సభలోంచి ఒక ప్రశ్న వచ్చింది. వినబడనివాళ్ల కోసం మళ్లీ చెప్తాను. ‘ఈ పదాలన్నిటికీ తెలుగు పేర్లు పెట్టాలంటారా?’ అని అడుగుతున్నారు.

కోడ్‌లకి వద్దండి. ఏఓబీటీ ఏఓబీటీగానే ఉండాలి, మ్యూనిక్‌లో ఉన్న కంప్యూటర్‌కి కూడా అదే అర్థం కావాలి. చాక్స్‌ని చాక్స్ అనే అందాం, ర్యాంప్ మీద అందరూ అదే అంటారు. కానీ దాని అర్థం చెప్పే వాక్యం, ఆ పని చేసేవాళ్ల భాషలో ఉండి తీరాలి. అది అనువాదం కూడా కాకూడదు. పనిచేసేవాళ్లతో కూర్చుని, వాళ్ల నోట వచ్చిన మాటతో రాయాలి. ఇంకో సంగతి, బయట నిలబడే ప్రయాణికుల బంధువులకు కూడా ఇది వర్తిస్తుంది. తెల్లవారుజామున శంషాబాద్ అరైవల్స్ బయట ఎప్పుడైనా నిలబడ్డారా? కరీంనగర్ నుంచో, నిజామాబాద్ నుంచో, కడప నుంచో రాత్రంతా కారులో వచ్చినవాళ్లుంటారు. గల్ఫ్ నుంచి మూడేళ్లకి కొడుకు వస్తున్నాడు. బోర్డు మీద ‘అరైవ్డ్’ అని పడగానే ఆ తల్లి లేచి నిలబడుతుంది. ఆ మాటకి అర్థం చాలాసార్లు చక్రాలు రన్‌వేని తాకాయని మాత్రమే. ఇంకా బేలోకి రావాలి, తలుపు తెరవాలి, ఇమ్మిగ్రేషన్ లైను, బెల్ట్ దగ్గర సంచులు, కస్టమ్స్. ఆవిడ గంటకి పైగా తలుపువైపే చూస్తూ నిలబడుతుంది, ఏమైందోనని టెన్షన్ పడుతుంది. మన దగ్గర ఆ మధ్యలోని సమయాలన్నీ ఉన్నాయి, బేలో ఆగినది ఉంది, మొదటి బ్యాగు బెల్ట్ మీద పడినది ఉంది. ‘విమానం దిగింది’, ‘సామాన్లు వస్తున్నాయి’ అని రెండు మాటలు తెలుగులో బోర్డు మీద వేస్తే ఆవిడ కూర్చుంటుంది. నేనైతే ఈ పదాల పనిలో మొదట చేయాల్సింది అదే అంటాను.

ఇంకా రెండు చేతులు లేచాయి, భోజనం తర్వాత తప్పకుండా తీసుకుంటాను. ఇప్పుడు మీ అందరికీ ఒక్కో కాగితం ఇస్తున్నాం. మీద ఒకే ఒక్క పదం రాసి ఉంది: ‘డిలే’. ఒక్కో బల్ల దగ్గర ర్యాంప్ నుంచి ఒకరు, కంట్రోల్ రూమ్ నుంచి ఒకరు, డేటా విభాగం నుంచి ఒకరు ఉండేలా సర్దుకుని కూర్చోండి. అది ఎప్పుడు మొదలవుతుంది, ఎప్పుడు ముగుస్తుంది, ఎవరు చూస్తారు, ఇవి రాయండి. ముందు ర్యాంప్ వాళ్లు చెప్పాలి, డేటా వాళ్లు రాసుకోవాలి. అరగంట టైమ్.